ఫ్లెక్సీలో లేని మనిషి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడలు, యువజన సర్వీసుల శాఖ మంత్రి గారికి,



మా శాలిబండ చౌరస్తాలో ఆ మధ్య ఒక ఫ్లెక్సీ కట్టారు. ‘ఎవరెస్ట్ వీరుడికి హార్దిక శుభాకాంక్షలు’ అని బారెడు అక్షరాలు. మధ్యలో మా బస్తీ కుర్రాడు, ఒంటి మీద మంచు కోటు, చేతిలో జాతీయ జెండా. చుట్టూ డజను మంది నాయకుల ఫొటోలు, ఒక్కొక్కరి పేరు ముందు ఒక్కో బిరుదు. వాళ్లలో సగం మంది చార్మినార్ మెట్లు కూడా ఎక్కి ఉండరని మా వీధి హోటల్లో చాయ్ తాగేవాళ్ల అంచనా. నిజానికి కుర్రాడు వెళ్లింది శిఖరానికి కాదు, బేస్ క్యాంపుకి. అది 5,364 మీటర్లు, శిఖరం 8,848.86. మధ్యలో ఇంకా మూడున్నర కిలోమీటర్ల కొండ నిలువునా ఉంది. పోనివ్వండి, పిల్లవాడు అంత దూరం నడిచాడు, బస్తీ మురిసింది, అందులో తప్పేం లేదు. నా కన్ను పడింది ఇంకో చోట. కుర్రాడి ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. గ్లౌజు తొడుక్కున్న చెయ్యి, మణికట్టు దాకానే. ఆ చేతి తాలూకు మనిషిని ఫ్లెక్సీ డిజైన్ చేసినవాడు కంప్యూటర్లో కత్తిరించేశాడు, నాయకుల బొమ్మలకు చోటు చాలక.

ఈ ఉత్తరం ఆ మనిషి గురించి.

పాతబస్తీ వాళ్లకు కొండలు కొత్త కాదు. చాంద్రాయణగుట్ట మీద చెన్నకేశవస్వామి ఉన్నాడు. మీర్ ఆలం చెరువు పక్కన మీర్ మహమూద్ పహాడీ ఉంది. శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పహాడీ షరీఫ్ దర్గా వస్తుంది. ఎక్కడైనా మెట్లెక్కి, మొక్కుకుని, కాసేపు గాలికి కూర్చుని దిగి రావడమే. దారి చూపేవాడి అవసరం మాకెప్పుడూ పడలేదు. ఒక ఏడాది స్నేహితులం కలిసి ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి బయల్దేరినప్పుడు మా గుంపులో కొందరు అడిగిన మొదటి మాట కూడా అదే: “దారిలో అంతమంది నడుస్తుంటే గైడెందుకు, దండగ?”

ఎందుకో లోబుచేలో తెలిసింది. లోబుచే 4,940 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న మకాం. అక్కడ మనం పీల్చే గాలిలో దొరికే ఆక్సిజన్, సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. మాలో ఒకతనికి ముందు మజిలీ నుంచే తలనొప్పి. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగుతున్నాడు. రాత్రి భోజనాల దగ్గర అతను సూప్ ముట్టుకోలేదని గైడు గమనించాడు. బూట్ల తాడు ముడి వేసుకోలేక రెండుసార్లు వదిలేశాడని కూడా గమనించాడు. మేం పేకాటలో ఉన్నాం, మాకేమీ కనబడలేదు. గైడు లేచి తన చేతికర్రను చెక్క నేల మీద పొడుగ్గా పెట్టాడు. దాని పక్కనే మడమకు వేలు ఆనించి అడుగులో అడుగు వేసుకుంటూ నడవమన్నాడు. మూడో అడుగుకి మావాడు పక్కకి తూలి బెంచీ మీద పడ్డాడు.

“నీచే జానా హై. అభీ,” అన్నాడు గైడు. గొంతు పెంచలేదు.

మేం వాదించాం. పొద్దున చూద్దాం అన్నాం, నిద్ర లేక అలా ఉన్నాడన్నాం, ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చాం అన్నాం. అతను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. తలకు లైటు కట్టుకున్నాడు, ఒక పోర్టర్‌ను లేపాడు, మావాణ్ని మధ్యలో పెట్టుకుని ఆ చలిలో ఫెరిచేకి దిగిపోయాడు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆస్పత్రి ఉంది, 1973 నుంచి నడుస్తోంది. ఎత్తు పడక మెదడు వాచడం మొదలైతే మనిషి తిన్నగా నడవలేడు. మొదట తెలిసేది అలాగే. దానికి అసలు మందు కిందికి దిగడం. తెల్లారేదాకా ఆగితే దిగడానికి మనిషి మిగలకపోవచ్చు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ గైడు మళ్లీ మా దగ్గరికి ఎక్కి వచ్చి, “తిన్నారా?” అని అడిగాడు. మా మిత్రుడు ఇప్పుడు క్షేమం. రంజాన్ వస్తే హలీం లైన్లో మాకన్నా ముందుంటాడు.

ఆ గైడు పేరు ఇక్కడ రాయడం లేదు. అడక్కుండా ఒకరి పేరు పత్రికకెక్కించడం మర్యాద కాదు. ప్రభుత్వం మాత్రం అడగగలదు, అడిగి అధికారికంగా రాసుకోగలదు. మీకు రాస్తున్నది అందుకే.

మంత్రి గారూ, కొండ మీద గైడు చేసే పనిలో దారి చూపడం చిన్న భాగం. ‘బిస్తారై, బిస్తారై’ అని మెల్లగా నడిపించడం, నామ్చే దాటాక మాంసం వద్దనడం కూడా అతని పనే. ఖుంబు లోయలో జీవాన్ని కొయ్యరు. మాంసం కింది నుంచి రోజుల తరబడి మనుషుల వీపుల మీద ఎండలో ఎక్కి వస్తుంది. బిర్యానీ కోసం నాలుక పీకేసే హైదరాబాదీ గుంపుని దాల్ భాత్‌తో సరిపెట్టడం చిన్న విషయం కాదు. ఇవన్నీ ఒక ఎత్తు. డబ్బు కట్టిన వాణ్ని పట్టుకుని, వాడి కోపానికి వెరవకుండా ‘ఇక చాలు, వెనక్కి’ అనగలగడం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ మాట అనే హక్కు అతనికి ఉందని మనవాళ్లలో చాలామంది ఒప్పుకోరు. కూలి తీసుకునేవాడు మనకు అడ్డు చెప్పడమేమిటన్నది మన అలవాటు.

మా గల్లీలో రాత్రిపూట విజిల్ ఊదుతూ, కర్రతో నేల మీద కొడుతూ ఒకాయన తిరుగుతాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి పదో ఇరవయ్యో తీసుకుంటాడు. ఎన్నేళ్లుగా వస్తున్నాడో లెక్క లేదు. ఆయన పేరు వీధిలో ఎవర్నడిగినా ‘గూర్ఖా’ అంటారు. మనకు నేపాల్ మనిషి ఇక్కడ గూర్ఖా, అక్కడికి వెళితే షెర్పా. షెర్పాలు ఎవరెస్ట్ కింది సోలుఖుంబు ప్రాంతపు ఒక జాతి అనీ, అక్కడ మన బరువు మోసేవాళ్లలో తమాంగ్‌లు, రాయీలు, గురుంగ్‌లు కూడా ఉంటారనీ తెలుసుకునే తీరిక మనకు లేదు.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతికి వస్తాను. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. సరిగ్గా ఎనిమిది రోజులకు తెలంగాణ పుట్టింది. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు, భువనగిరి బండ మీద మొదటి పాఠాలు, ఆ తర్వాత డార్జిలింగ్. పదహారేళ్లు నిండితే తప్ప నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. శిక్షణ ఇచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లి పేరు మనకు తెలుసు. గురుకులాల కార్యదర్శిగా పంపిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పేరు తెలుసు. 2017లో సినిమా తీసిన రాహుల్ బోస్ పేరూ తెలుసు. 2022 జూన్‌లో దెనాలి ఎక్కి పూర్ణ ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసిందనీ తెలుసు. తెలియాల్సినవే ఇవన్నీ. మరి ఆ మే 25 తెల్లవారుజామున ఆ ఇద్దరు పిల్లల ముందూ వెనకా ఎక్కిన నేపాలీ గైడ్ల పేర్లు? సన్మాన సభల్లో ఎక్కడా నా చెవిన పడలేదు. పిల్లల్ని పైకి తీసుకెళ్లడం ఎంత పనో, ఒళ్లు అలిసిపోయాక కిందికి దించడం అంతకన్నా పెద్ద పని. ఆ పని చేసినవాళ్లు వాళ్లే.

అదే సీజన్లో కొండకు అవతలి వైపు ఏం జరిగిందో కూడా గుర్తు చేస్తాను. 2014 ఏప్రిల్ 18 పొద్దున నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు చరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. పదహారు మందీ నేపాలీ గైడ్లు, కార్మికులే. డబ్బు కట్టి ఎక్కడానికి వచ్చిన వాళ్లలో ఒక్కరూ పోలేదు, ఎందుకంటే ఆ వేళకు వాళ్లెవరూ అక్కడ లేరు. వాళ్ల కోసం తాళ్లు, గుడారాలు, వంట సామాను పై క్యాంపుకి మోసుకెళ్తున్న వాళ్లే అక్కడ ఉన్నారు. ఎక్కేవాళ్లు ఆ ఐస్‌ఫాల్‌ను సీజన్‌కి నాలుగైదు సార్లు దాటితే, మోసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు దాటాలి. పోయినవాళ్లలో ముగ్గురి శవాలు దొరకనే లేదు. నేపాల్ ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. మన డబ్బుల్లో పాతిక వేలు. షెర్పాలు ఆ డబ్బు మొహాన కొట్టి, ఇక ఎక్కం పొమ్మన్నారు. ఆ ఏడాదికి అటు వైపు కొండ దాదాపు మూతపడింది. ఆ తిరుగుబాటు తర్వాతే ఎత్తు కొండల గైడ్ల తప్పనిసరి బీమాను పదిహేను లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు. అప్పట్లో అది మన తొమ్మిదిన్నర లక్షలకు లోపే. మన దగ్గర ఒక మనిషిని ఎవరెస్ట్‌కి పంపడానికి అంతకు మూడు నాలుగు రెట్లు ఖర్చవుతోంది.

ఏప్రిల్ 18కీ, మే 25కీ మధ్య ముప్పయ్యేడు రోజులు. మన చరిత్రలో రెండోది ఉంది, మొదటిది లేదు.

ఈ లెక్క తప్పడం నిన్నమొన్నటిది కాదు. ఎవరెస్ట్ మీద నమోదైన తొలి మరణాలు 1922 జూన్ 7న, ఉత్తరం వైపు మంచు చరియ కింద పోయిన ఏడుగురు కూలీలవి. పూర్ణ, ఆనంద్ ఎక్కింది ఆ వైపు నుంచే. 1953 మే 29న హిల్లరీ, టెన్జింగ్ కలిసి శిఖరం చేరితే బ్రిటన్ హిల్లరీకి సర్ బిరుదిచ్చింది, టెన్జింగ్‌కి జార్జ్ మెడల్‌తో సరిపెట్టింది. మన దేశం కాస్త మెరుగ్గా ఆలోచించింది: 1954లో డార్జిలింగ్‌లో పర్వతారోహణ సంస్థ పెట్టి, క్షేత్ర శిక్షణ బాధ్యత టెన్జింగ్ చేతిలో పెట్టింది. అరవై ఏళ్ల తర్వాత మన గురుకులం పిల్లలు మంచు మీద నడక నేర్చింది ఆ సంస్థలోనే. అంటే ఒక గైడు పాఠాలు చెప్పిన బడిలో చదువుకుని ఎక్కి వచ్చి, గైడ్లను మరిచిపోయాం. నేపాలీ గైడు కామీ రీతా షెర్పా 2025 మే నాటికి ఎవరెస్ట్‌ను 31 సార్లు ఎక్కాడు. మా శాలిబండ లెక్కన అయితే ఆయనకు చార్మినార్ నుంచి ఫలక్‌నుమా దాకా సందు లేకుండా ఫ్లెక్సీలు కట్టాలి.

అసలు కొండ వీరుడంటే ఒంటరిగా వెళ్లేవాడు కదా అని మీ శాఖలో ఎవరైనా అనవచ్చు. వాళ్ల మనసులో మల్లి మస్తాన్‌బాబు ఉంటాడు. నెల్లూరు జిల్లా బిడ్డ, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి వచ్చినవాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒక్కడే వెళ్లి తిరిగి రాలేదు. ఆయన సాహసాన్ని తక్కువ చేసే నోరు నాకు లేదు. ఆయన ఆరితేరినవాడు, తన ప్రాణం మీద తనే నిర్ణయం తీసుకున్నాడు. ప్రభుత్వ సొమ్ముతో, దాతల సొమ్ముతో మనం పంపేది ఇంటర్ పిల్లల్ని, డిగ్రీ పిల్లల్ని. వాళ్ల ప్రాణం గైడు చేతిలో పెడుతున్నాం. చట్టాలూ అదే చెబుతున్నాయి. కిలిమంజారోకి వెళ్లాలంటే లైసెన్సు ఉన్న గైడు లేకుండా టాంజానియా పార్కు గేటు దాటనివ్వదు. 2025లో నేపాల్ మార్చిన నిబంధనల ప్రకారం 8,000 మీటర్లు దాటిన శిఖరాలకు ఎక్కే ప్రతి ఇద్దరికీ ఒక గైడు ఉండి తీరాలి. ఎవరెస్ట్ పర్మిట్ రుసుమూ 11,000 డాలర్ల నుంచి 15,000కి పెంచారు. చట్టం ఉండి తీరాలన్న మనిషి మన ప్రెస్ నోట్‌లో ఉండడు.

కిలిమంజారో మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. 5,895 మీటర్ల ఆ కొండ ఇప్పుడు తెలుగు పిల్లలకు మొదటి మెట్టు అయిపోయింది. జనవరి 26కో ఆగస్టు 15కో జెండాతో ఫొటో దిగడం రివాజు. అక్కడ పోర్టర్ మోయాల్సిన బరువు ఇరవై కిలోలు మించరాదని నియమం. తూకం వేసేవాళ్లు లేని చోట అది మించుతుంది. అందుకే 2003 నుంచి కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ కూలి సరిగా ఇస్తున్నారా, గుడారం ఇస్తున్నారా, తిండి పెడుతున్నారా అని చూస్తోంది. సరిగా చూసుకునే కంపెనీల పేర్లు బయట పెడుతుంది. మన పిల్లల తల్లిదండ్రులు, స్పాన్సర్లు ఆ జాబితా చూడరు, రేటు చూస్తారు. నలభై వేలు తక్కువకు వస్తున్నాడంటే ఆ నలభై వేలు ఎవడి పొట్టలోంచి తగ్గిందో అడగరు. బేగంబజార్‌లో హమాలీతో పది రూపాయలకు బేరమాడే చెయ్యే అక్కడా బేరమాడుతోంది. పేదింటి పిల్లవాడు శిఖరమెక్కాలని పేదవాడి కూలి తెగ్గోయడం సామాజిక న్యాయం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు. పర్వతారోహణకు సాయం కోరుతూ మీ శాఖకు దరఖాస్తులు వస్తుంటాయి కదా. డబ్బు విడుదల చేసే ముందు తీసుకెళ్లే కంపెనీ నుంచి కాగితాలు అడగండి: గైడ్ల, పోర్టర్ల బీమా పత్రం, వాళ్లకిచ్చే కూలి ఎంతో రాసిన ఒప్పందం. చూపించలేని కంపెనీకి ప్రభుత్వ సొమ్ము వద్దు. పిల్లల ప్రాణానికి పనికొచ్చే షరతు ఇది, దయాదాక్షిణ్యం కాదు. బీమా లేని గైడు, అప్పుల్లో ఉన్న గైడు, శిఖరం చేరిస్తేనే బోనస్ అని చెప్పించుకున్న గైడు ‘వెనక్కి’ అనే మాట అనాల్సిన క్షణంలో అనలేడు. లోబుచేలో మా గైడు ఆ రాత్రి అనగలిగాడంటే అతని కూలి మేం పైకి వెళ్లడం మీద ఆధారపడి లేదు కాబట్టి.

రెండో కోరిక సన్మానం గురించి. రవీంద్రభారతిలోనో సచివాలయంలోనో శాలువా కప్పేటప్పుడు ఆ గైడుని కూడా పిలవండి. విమానం టికెట్టు, రెండు రాత్రుల బస, ఒక శాలువా. మన సభల్లో పూలకయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువే. రాలేకపోతే కనీసం ప్రెస్ నోట్‌లో అతని పేరు, ఊరు ఉండనివ్వండి. మీరు రాస్తే పత్రికలు రాస్తాయి, పత్రికలు రాస్తే ఫ్లెక్సీ వాడికీ తెలుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. మా చాంద్రాయణగుట్ట నుంచి పహాడీ షరీఫ్ మీదుగా పోయే శ్రీశైలం రోడ్డే మన్ననూరు దాటి నల్లమలలోకి వెళుతుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరంటే పాతబస్తీ నుంచి కూడా వ్యాన్లు కట్టుకుని పోతారు. లోయలోకి దిగే ఆ బండల దారి చెంచులది. అక్కడ పూజ చేసేదీ వాళ్లే. ఏ రాయి కదులుతుందో, ఏ మలుపులో జనం ఇరుక్కుంటారో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో వాళ్లకు తెలుసు. కిందా మీదా పడుతున్న పట్నం వాళ్ల చెయ్యి పట్టి దాటించేదీ వాళ్లే. జాతర అయ్యాక వాళ్ల చేతిలో మిగిలేది ఎవరో ఇచ్చిన పదీ ఇరవై. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ దగ్గర చెంచు యువకులకు అటవీ శాఖ పని ఇస్తోంది, మంచిదే. మీరు ఇంకో అడుగు వెయ్యవచ్చు. పూర్ణ నేర్చుకున్న భువనగిరి బండ మీదే వాళ్లలో కొందరికి తాడు పని, ప్రథమ చికిత్స నేర్పించండి. గుర్తింపు కార్డు ఇవ్వండి, రోజుకూలి ఖరారు చెయ్యండి, బీమా చేయించండి. నేపాల్ గైడ్లకు మర్యాద ఇవ్వమని పరాయి కంపెనీలను అడగడానికి అప్పుడు మనకు నోరుంటుంది.

ఎవరెస్ట్ సీజన్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. దానికి వెళ్లే పిల్లల దరఖాస్తులు చలికాలంలోనే మీ ఆఫీసుకి చేరతాయి. ఆ ఫారంలో అభ్యర్థి పేరు, తండ్రి పేరు, కులం, ఆదాయం, ఎక్కబోయే శిఖరం అన్నిటికీ గళ్లుంటాయి. వాటి కింద ఇంకో మూడు గళ్లు గీయించండి: గైడు పేరు, ఊరు, బీమా పాలసీ నంబరు. అవి నింపని ఫారం మీద మీరు సంతకం పెట్టకండి.

ఇట్లు,
శాలిబండ నివాసి ఒకరు,
హైదరాబాద్ పాతబస్తీ